గోడ అవతలి గిటారు

ఆ దుకాణం మందుల షాపుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. బయటికి ఒక తలుపంత వెడల్పు, లోపలికి వెళ్ళేకొద్దీ పొడుగు. గుమ్మంలో అడుగు పెట్టగానే సోల్డరింగ్ పొగ వాసన, దాని వెనకే పాత చెక్క వాసన. గోడల నిండా గిటార్లు. కింద నేల మీద చిన్నవీ పెద్దవీ యాంపులు, గిటారు శబ్దాన్ని పెంచే స్పీకరు పెట్టెలు, మొహాలకి గుడ్డ కట్టుకుని, వరసగా.

"పెళ్ళిలో ముందు వరస పెద్దమనుషుల్లా కూర్చున్నాయి చూడమ్మా," అంది చిన్నది.

తల్లి నవ్వబోయి ఆగిపోయింది. ఆ మాట చిన్నదానిది కాదు, పెద్దాడిది. ఈ దుకాణం ఊసు ఎత్తినప్పుడల్లా వాడు అదే అనేవాడు.

పెద్దాడు కిందటి వానాకాలంలో జ్వరంతో పోయాడు. ఆస్పత్రి మెట్లు తన కాళ్ళతో ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. పిల్లలకి ఊహ తెలిసేనాటికే తండ్రి ఇంట్లో లేడు కాబట్టి, ఇక మిగిలింది తల్లీ కూతురూ. వాడి గిటారు మంచం మీద ఉండిపోయింది. కొన్నాళ్ళు ఇద్దరూ దాని వంక చూడకుండా గది ఊడ్చారు. ఒకరోజు ఆమె పని నుంచి వచ్చేసరికి అది చిన్నదాని ఒళ్ళో ఉంది. ఆమె చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక జరిగేలా పెద్దాడి స్నేహితులు కాలేజీ హాల్లో వాడి పేరున ఒక సాయంత్రం పెట్టుకున్నారు. పాత రాక్ బాణీలో వాడు కట్టిన ముక్క ఒకటుంది. దాన్ని చిన్నది వాయించాలని వాళ్ళ కోరిక. నేర్చుకుంది, పాపం. గిటారుని ఫోనుకి తగిలించుకుని, ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, వేళ్ళు కోసుకుపోయేదాకా. కానీ ఆ గిటారుకి నిజంగా మాటొచ్చేది వాల్వు యాంపు ఉంటేనే. పెద్దాడు వాడింది బ్యాండులో డ్రమ్ములు కొట్టే కుర్రాడిది. అతను ఊరు మారుతూ పట్టుకుపోయాడు. అలా వచ్చారు ఇద్దరూ ఇక్కడికి.

దుకాణం ఆయన వేళ్ళ నిండా కాలిన మచ్చలు. జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు. సోల్డర్ బాబాయ్ అని ఆయనకి పేరు పెట్టింది కూడా పెద్దాడే.

"ఏం వాయిస్తావు పిల్లా?"

"అన్నయ్య ముక్క, బాబాయ్."

ఆయన జేబులోని పెన్సిలు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "అయితే దానికి కొత్త రకాలు కుదరవు. పాత పద్ధతిలో కట్టింది కావాలి," అని ఆమె వైపు తిరిగాడు. "వాల్వంటే ఏం లేదు చెల్లెమ్మా, గాజు బుడ్డి. బల్బుకి అక్క లాంటిది. వేడెక్కితే గానీ పలకదు. మెల్లగా మీటితే తేటగా ఉంటుంది. గట్టిగా మీటితే గొంతు జీరబోతుంది. ఆ జీర కోసమే ఈ తిప్పలన్నీ."

"ఆ పెద్దది?" అంది చిన్నది, మూలనున్న దాన్ని చూపిస్తూ.

"అది వద్దు. దానికి జీర రావాలంటే ఇల్లు కూలేంత గట్టిగా పెట్టాలి. మీ పక్కింటివాళ్ళు నిన్నొదిలేసి నన్ను కొడతారు. ఇంట్లోకి చిన్నది చాలు. చిన్నదైతే తొందరగా జీరబోతుంది."

"సరే. ఒక్కోటీ వాయించి చూస్తా."

"నేను ఎంచుతాను," అంది ఆమె.

చిన్నది తల్లి వంక వింతగా చూసింది. "నువ్వా? ఏ బొత్తాం దేనికో కూడా నీకు తెలీదు కదమ్మా."

"శబ్దం తెలుసు."

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున్నుంచీ మనుషుల కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెట్టి ఒకటే ప్రశ్న అడుగుతుంది. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా? ఎంచుకోవడమంటే అంతే అని ఆమెకి తెలుసు. అయితే కొడుకు వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని ఒక్కసారీ వినలేదు. వాడి గదికీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. ఆమె వంట చేసే వేళకే వాడు వాయించేవాడు. ఆ గోడలోంచి దిగి, గట్టు మీది గిన్నెల్ని సన్నగా వణికించే శబ్దమే ఆమెకి కొడుకు. పొయ్యి కట్టేశాక గరిటె కాడతో గోడ మీద రెండుసార్లు కొట్టేది. అవతల్నుంచి గిటారు మీద మూడు స్వరాలు వచ్చేవి, పైకి రెండు, కిందికి ఒకటి. వస్తున్నా ఆగు అని. ఆ ఆగడం ఒక్కోరోజు కూర చల్లారిపోయేదాకా సాగేది.

"వెనకేమన్నా గది ఉందా?" అని అడిగింది.

"స్టోరుంది. అట్టపెట్టెలు తప్ప ఏం లేవు."

"అందులో నిలబడతాను. తలుపేసి వాయించమనండి."

బాబాయ్, చిన్నది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "తెర వెనక నుంచి సంబంధం కుదుర్చుకున్నట్టుంది చెల్లెమ్మా," అన్నాడాయన. అయినా తాళం తీశాడు.

లోపల చీకటి. అట్టల వాసన, ఎండిన జిగురు వాసన. ఆమె అరచెయ్యి గోడకి ఆనించి నిలబడింది.

మొదటిది వినిపించింది. తేటగా ఉంది. తోమిన గ్లాసులా, మరీ తేటగా. కాదు. రెండోది గట్టిగా, గొప్పలు చెప్పుకుంటున్నట్టుగా ఉంది. కాదు. మూడోది పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. బరువైనదేదో ఈడుస్తున్న చప్పుడు. తర్వాత సన్నగా ఒక ఝుంకారం. తర్వాత వాయింపు మొదలైంది.

ఆమె అరచేతి కింద గోడ వెచ్చబడినట్టనిపించింది.

అదే జీర. పొద్దున్నే లేచి మొదటి మాట మాట్లాడే మనిషి గొంతులో ఉండేలాంటిది. ముక్క మధ్యలో తీగని లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్ళే చోటొకటుంది. అక్కడ పెద్దాడు ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా చేరేవాడు, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు. చిన్నది అలా ఆగదు. కాలితో తాళం లెక్కపెట్టి వాయించే పిల్ల.

ఇప్పుడు ఆగింది. ఆగి, చేరింది.

ఆమె తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

చిన్నది స్టూలు మీద కూర్చుని గిటారు పట్టీ బిగించుకుంటోంది. వైరు కొస ఇంకా బాబాయ్ చేతిలోనే ఉంది.

"అప్పుడే వచ్చేశావేంటమ్మా? ఇంకా మొదలే పెట్టలేదు."

"వేడెక్కాలి చెల్లెమ్మా," అన్నాడు బాబాయ్. "వీటితో ఇదే చిక్కు. తొందరపెడితే పలకవు."

ఆమె ఆ యాంపు వంక చూసింది. గోధుమరంగు గుడ్డ, ఒక మూల కాస్త చిరుగు. ముందు ఒక ఎర్ర దీపం. వెనక తెరిచి ఉన్న చోట, చీకట్లో, గాజు బుడ్లు ఒక్కొక్కటే నారింజరంగు తేలుతున్నాయి.

"ఇదే," అంది.

"వినకుండానే?"

"ఇదే."

బాబాయ్ పెన్సిలు తీశాడు. "ఒక లోపముంది, దాచను. లోపలన్నీ కొత్తవే గానీ ఈ చివరి చిన్న వాల్వు పాతది. మైకైపోయింది." పెన్సిలుతో దాన్ని తాకాడు. స్పీకరు టంగుమంది. దాని దగ్గరికి వంగి "ఏమ్మా" అన్నాడు. స్పీకర్లోంచి సన్నగా, నూతిలోంచి వచ్చినట్టు, ఆయన గొంతే వచ్చింది. "గిటారు చెప్పింది వినాల్సింది పోయి గదిలో ఎవరేమన్నా వింటుంది. చాడీకోరు వాల్వు. కొత్తది తెప్పించి వేసిస్తాను, వచ్చే వారం తీసుకెళ్ళండి."

"వద్దు. మార్చకండి."

"ఈలలేస్తుంది చెల్లెమ్మా."

"వెయ్యనివ్వండి. దాంతోనే ఇవ్వండి."

ఆయన ఆమె మొహం చూసి, అట్టపెట్టె వెతకడానికి వెళ్ళాడు.

*

పాత యాంపు కాళ్ళ గుర్తులు పెద్దాడి గది నేల మీద ఇంకా ఉన్నాయి. కొత్తదాన్ని సరిగ్గా వాటి మీదే పెట్టించింది, వీపు వంటింటి గోడకి ఆనేలా.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు మారిపోయింది. ఆమె వంటింట్లో ఉండేది, చిన్నది గదిలో వాయించేది. తలుపు తీసి ఉంటే చిన్నది వాయిస్తున్నట్టే ఉండేది, జాగ్రత్తగా, లెక్కగా. తలుపు మూస్తే వాడు. అదే జీర, ఆ ఒక్క చోట అదే ఆలస్యం. రెండు మూడుసార్లు తలుపు తీసి మూసి చూసింది. తర్వాత తియ్యడం మానేసింది.

తోమిన గిన్నెలే తోమేది. కడిగిన గట్టే కడిగేది. గోడకి వీపు ఆనించి నిలబడి, శబ్దం వెన్నెముకలోకి దిగుతుంటే కళ్ళు మూసుకునేది. కన్నీళ్ళొస్తే సింకులో పడేవి. అంత సుఖంగా ఏడ్చి చాలా కాలమైంది.

"ఈమధ్య వంటింట్లోనే కాపురం పెట్టావేంటి?" అంది చిన్నది ఒకరోజు గుమ్మంలో నిలబడి. "ఒక్కసారి వచ్చి ఎదురుగా కూర్చోవచ్చుగా."

"పనుంది."

"ఏం పని? ఆ గిన్నె అరిగిపోయింది, పాపం వదిలెయ్."

ఆమె గిన్నె తోముతూనే ఉంది. చిన్నది వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళలేదు.

"అమ్మా, నువ్వు వింటోంది నన్నేనా?"

ఆమె కొళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడులో చిన్నదాని అడుగులు గదిలోకి వెళ్ళడం వినిపించింది. తలుపు మూసుకోవడం వినిపించింది. ఆ రోజు తినడానికి పిలిచినప్పుడు ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరిగింది మాత్రం ఆమె.

తెలియక కాదు. రేపు అడుగుదాం, రేపు కూర్చుందాం అనుకునేది. రేపు సాయంత్రం కాగానే గోడ మళ్ళీ పలికేది.

*

మొదటి వాన పడిన సాయంత్రం. పగలంతా ఉక్క, చీకటి పడబోతుండగా చినుకులు. కిటికీలోంచి తడి మట్టి వాసన. గదిలో వాయింపు ఆగిపోయి కాసేపైంది. ఆమె పొయ్యి కట్టేసింది.

గరిటె మేకుకి వేలాడుతోంది. పెద్దాడు పోయాక ఆమె గోడ కొట్టలేదు. చిన్నదాన్ని నోటితోనే పిలిచేది. ఆ రోజు చెయ్యి దానంతట అదే పైకి వెళ్ళింది. గరిటె తీసింది. కాడ గోడకి ఆనించింది.

రెండుసార్లు కొట్టింది.

నిశ్శబ్దం. బయట వాన.

తర్వాత మూడు స్వరాలు. పైకి రెండు. కిందికి ఒకటి.

ఆమె గట్టు పట్టుకుని అలాగే నేల మీదికి జారి, చేతిగుడ్డ నోట్లో కుక్కుకుంది. పిచ్చిపిల్ల. అన్న జవాబు గుర్తుపెట్టుకుంది. తల్లి కోసం వాయించింది. ఇప్పుడు వెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకోవాలి, ఎదురుగా కూర్చోవాలి...

తలుపు చప్పుడైంది. చిన్నది వచ్చింది.

"కొట్టావా? ఏమైందమ్మా, కిందేంటి?"

"నువ్వు పలికావుగా," అంది ఆమె, నవ్వుతూ ఏడుస్తూ.

"నేనా? దేంతో పలుకుతాను? తీగలు విప్పేశాను. కొత్తవి వేస్తున్నా."

చేతిలో చుట్టచుట్టిన పాత తీగలున్నాయి. అన్నీ.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చిన్నది పెదవి తడుపుకుంది. గొంతు తగ్గించింది.

"నీకూ వినిపించిందా?"

"నీకేం వినిపించింది?"

"నీకు చెప్పకూడదనుకున్నా. రా."

గదిలో దీపం వెయ్యలేదు. యాంపు ముందున్న ఎర్ర చుక్క, వెనక గోడ మీద పలచగా నారింజ వెలుగు, అంతే. గిటారు మంచం మీద తీగల్లేకుండా బోసిగా పడుంది. యాంపుకి గిటారు వైరు కూడా తగిలించి లేదు. చిన్నది మోకాళ్ళ మీద కూర్చుని బొత్తాం మెల్లగా తిప్పింది.

ముందు ఒట్టి బుస. ఇసుక జారుతున్నట్టు.

తర్వాత టప్... టప్...

"వంటింటి కొళాయి," అంది ఆమె. "మైకైపోయిందన్నాడుగా. గోడలోంచి వింటోంది."

"నేనూ అదే అనుకున్నా. ఆగు."

టప్... టప్... ఎవరో కొళాయి కట్టేశారు. చుక్కలు ఆగిపోయాయి.

ఆమె గుమ్మం వంక చూసింది. గుమ్మంలోంచి వంటింటి తలుపు కనిపిస్తుంది. లోపల దీపం తాను ఆర్పే వచ్చింది. చీకటిగానే ఉంది.

స్పీకర్లో చెక్క మీద కత్తి చప్పుడు. టకటకటక, ఆగి, టక. ఉల్లిపాయ చివర దగ్గర ఆగి, వేళ్ళు వెనక్కి తీసుకుని, ఆఖరి ముక్క వేరుగా కోసే చప్పుడు. ఆ పద్ధతి ఆమెకి తెలుసు. ఆ పద్ధతి ఆమెదే.

తర్వాత కూనిరాగం. ఆడగొంతు. పనిలో పడి తనకి తెలియకుండా తీసే రాగం.

"అది నువ్వే," చిన్నది గుసగుసగా అంది.

"నేనిక్కడున్నా."

"అందుకే కదా..."

ఆ కూనిరాగం ఆమె మానేసి ఏడాది కావస్తోంది. అది ఎలా ఉండేదో కూడా మర్చిపోయింది. ఇప్పుడు వింటుంటే ఆ గొంతు మీద ఈర్ష్య పుట్టింది. ఏ బరువూ లేని గొంతు. ఇంట్లో అందరూ ఉన్న ఆడమనిషి గొంతు.

వంటింటి వైపు నుంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన వచ్చింది.

ఠక్. ఠక్.

స్పీకర్లో కాదు. గోడ మీద. యాంపు వెనకున్న గోడ అవతల్నుంచి, గరిటె కాడతో. గోడకున్న పెద్దాడి ఫొటో ఒక్కసారి అదిరింది.

స్పీకర్లోంచి జవాబు వచ్చింది. పైకి రెండు. కిందికి ఒకటి.

మంచం మీద గిటారు కదల్లేదు.

"రారా, చల్లారిపోతోంది," అంది స్పీకర్లో ఆమె గొంతు. కుర్చీ జరిగిన చప్పుడు. బరువైన అడుగులు. కాస్త ఈడ్చి వేసే అడుగులు, ఎన్నిసార్లు తిట్టినా మారని అడుగులు. కంచం మీద చెంచా. ఒక దగ్గు. ఆ తర్వాత...

"పిడుగేదమ్మా?"

పిడుగు అని చిన్నదాన్ని ప్రపంచంలో ఒక్కడే పిలిచేవాడు.

"వస్తోందిలే. నువ్వు మొదలుపెట్టు."

చిన్నది లేచింది. ఆమె చెయ్యి పట్టుకునేలోపే గోడ దగ్గరికి వెళ్ళి రెండు అరచేతులూ ఆనించింది. "అన్నయ్యా," అంది. పెద్దగా కూడా అనలేదు.

స్పీకర్లో చెంచా ఆగిపోయింది. కూనిరాగం ఆగిపోయింది. అంతా ఆగిపోయింది. వింటున్నారు.

తర్వాత దగ్గరగా, చాలా దగ్గరగా, గోడకి నోరానించి మాట్లాడుతున్నట్టు, ఆమె గొంతే. ముద్దుగా.

"చిన్నీ... వచ్చావా?"

అప్పుడు ఆమెకి అర్థమైంది. ఆ వంటింట్లో ఒకడున్నాడు. ఈ ఇంట్లో ఒకతె ఉంది. రెండు చోట్లా తల్లి ఒకతే. తన బుద్ధి తనకి తెలియదా? కంచాలు పెట్టాక పిల్లలిద్దరూ వచ్చి కూర్చునేదాకా ఆమె ఊరుకోదు. ఎన్నిసార్లయినా కొడుతుంది. రాకపోతే తనే వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంది.

ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా? రోజూ ఎందరినో ఎంత తేలిగ్గా అడుగుతుందో.

ఆమె వంగి స్విచ్చి ఆర్పేసింది.

ఎర్ర దీపం పోయింది. శబ్దం పోలేదు. వేడెక్కడానికి ఎంత సేపు తీసుకున్నాయో, చల్లారడానికీ వాల్వులు అంతే తీసుకుంటాయని ఆమెకెవరూ చెప్పలేదు. నారింజ వెలుగు మెల్లగా లోపలికి ఇంకుతోంది. గొంతులు దూరమవుతున్నాయి.

"అమ్మా," అంది పెద్దాడి గొంతు. తింటూ తింటూ ఆగి. "ఇదేంటి... చీకటవుతోంది."

ఆమె చెయ్యి స్విచ్చి మీదే ఉంది. మళ్ళీ వెయ్యడానికి ఒక్క వేలు చాలు.

"అమ్మా... ఉన్నావా?"

ఆమె యాంపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆ చిన్న వాల్వుని ఉత్త చేత్తో పట్టుకుని పీకేసింది. వేళ్ళు చుర్రుమన్నాయి. వదల్లేదు.

నిశ్శబ్దం.

చిన్నది తల్లి భుజాల మీద కొట్టింది. రెండు చేతులతో, చిన్నప్పటిలా. "ఎందుకు తీశావు? అన్నయ్యేనమ్మా అక్కడున్నది. మనవాడమ్మా."

"తెలుసు," అంది ఆమె.

 పిల్లని ఒళ్ళోకి లాక్కుని, అది ఏడ్చి అలసిపోయేదాకా అలాగే కూర్చుంది. వంటింట్లోకి వెళ్ళి చూడలేదు. ఆ రోజు ఇద్దరూ తినలేదు.

*

మర్నాడు వాల్వుని గుడ్డలో చుట్టి దుకాణానికి తీసుకెళ్ళింది. బాబాయ్ దాన్ని బల్ల మీది పెట్టెకి తగిలించి పెన్సిలుతో తట్టాడు. మళ్ళీ తట్టాడు. దగ్గరికి వంగి "ఏమ్మా" అన్నాడు. ఏమీ లేదు.

"దీనికేం రోగం లేదే. శుభ్రంగా ఉంది. ఆ రోజు పలికింది మీరూ విన్నారుగా?"

"పగలగొట్టండి."

"బాగున్నదాన్నెందుకు చెల్లెమ్మా?"

ఆమె కట్టు కట్టిన వేళ్ళు బల్ల మీద పెట్టి నిలబడింది. ఆయన ఆ కట్టు చూశాడు.  గుడ్డ మీద కప్పి సుత్తితో కొట్టాడు. చాలా చిన్న చప్పుడు. అయినా ఆమె కళ్ళు మూసుకుంది.

కొత్త వాల్వు వేశాక యాంపు మంచి యాంపులా ఉంది. వంటింట్లోంచి విన్నా చిన్నదే వాయిస్తోంది, గదిలోంచి విన్నా చిన్నదే. ఆమె గరిటెని మేకు మీంచి తీసి అటక మీద పడేసింది. రోజూ పని కాగానే గదిలోకి వెళ్ళి, పిల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చునేది. మొదటిరోజు చిన్నది సిగ్గుపడింది. "అలా చూడకమ్మా, తప్పులొస్తాయి," అంది. తప్పులొచ్చాయి కూడా. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలో ఆమెకి పెద్దాడి గొంతు గుర్తొచ్చేది. ఆ గొంతు మళ్ళీ రాదు. తనే ఆర్పింది. ఆ పిల్లవాడు చీకట్లోంచి ఉన్నావా అని అడిగితే తను పలకలేదు.

కాలేజీ హాల్లో ఆమె ముందు వరసలో కూర్చుంది. చిన్నది స్టేజి మీద నిలబడి, కాలితో తాళం లెక్కపెట్టుకుంటూ మొదలుపెట్టింది. చక్కగా వాయించింది. ముక్క మధ్యలో, తీగ పైకి సాగే చోట, పిల్ల కాలు ఆగింది. ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఆగి, వెంట్రుకవాసి ఆలస్యంగా చేరింది.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

"నేర్చుకున్నావా అది?" అని దారిలో అడిగింది.

"ఏది?"

ఆమె అడుగు వేగం పెంచింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం. వాన లేదు, గాలి లేదు. ఆమె పొయ్యి కట్టేసి, దీపం ఆర్పి, పిల్లని పిలవడానికి గదిలోకి వచ్చింది. చిన్నది మంచం మీద కూర్చుని తీగలు శ్రుతి చేసుకుంటోంది. యాంపు ప్లగ్గు ఊడదీసి నేల మీద ఉంది.

"చిన్నీ, తిందాం రా."

చిన్నది తలెత్తలేదు.

ఠక్. ఠక్.

గోడ అవతల్నుంచి.

ఆమె గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. వెనక్కి తిరగలేదు. వంటింటి చీకటి ఆమె వీపు వెనకే ఉంది. అందులోంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన మెల్లగా మెడ మీదికి వస్తోంది.

చిన్నదాని వేళ్ళు తీగల మీద కదిలాయి. యాంపు లేని గిటారు, పొడిగా, సన్నగా. పైకి రెండు. కిందికి ఒకటి.

పిల్ల గిటారు పక్కన పెట్టింది. చెప్పులు వేసుకుంది. ఆవులించింది. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. తల్లి దగ్గరికి వచ్చి, దారికి అడ్డం నిలబడ్డ ఎవరినో చూసినట్టు చూసింది.

"జరుగు," అంది. "అమ్మ పిలుస్తోంది."

ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. కాలిన వేళ్ళు మంట పుట్టేంత గట్టిగా. చిన్నది గుంజుకోలేదు, తోసెయ్యలేదు. వంటింటి వైపే చూస్తూ నిలబడింది.

చెయ్యి వెచ్చగానే ఉంది. నాడి కొట్టుకుంటోంది. ఆమె వేళ్ళ కింద, లెక్కగా, జాగ్రత్తగా... ఒక్క చోట మాత్రం, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు, వెంట్రుకవాసి ఆలస్యంగా.